అరగంట దానం

నత్తి ఉన్న పిల్లకి మా కాలేజీలో జరిగినంత వైభోగం పెళ్ళికూతురికి కూడా జరగదు. కావాలంటే వచ్చి కనుక్కోండి! నన్నడిగితే, గడగడా మాట్లాడగలిగే విద్యార్థులంతా మా గేటు ముందు బైఠాయించి, మాకెందుకీ అన్యాయం అని నిలదీయాలి.

ఈ మాట అంటున్నది ఎవరో దారినపోయే దానయ్య కాదు. మా దీవుల దేశంలోని ఇలోయిలో అనే నగరంలో పురుళ్ళు పోసే నర్సమ్మలను తయారుచేసే మిడ్‌వైఫరీ కాలేజీలో ఏళ్ళ తరబడి సంభాషణాకళ బోధిస్తున్న క్రిసాంతో దివినాగ్రాసియా అంటున్నాడు. కాలేజీలో ఏ సభ జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. సభ లేని రోజున కూడా ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. నానబెట్టి ఏం చేసుకోవాలో మాత్రం చెప్పదు.

సంగతేమిటంటే, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మాట ఇబ్బంది ఉన్న విద్యార్థులకు వైవాలో సదుపాయాలు కల్పించాలట, అదనపు సమయం ఇవ్వాలట. మా డీన్ పల్మారెస్ మేడమ్ మహా దయాశీలి. ఉత్తర్వు చదివి వెంటనే, అలాంటివాళ్ళు మనకెంతమంది ఉన్నారని ఆశగా అడిగింది. కాలేజీ అంతా గాలిస్తే ఒక్కతే దొరికింది.

ఆ అదృష్టవంతురాలి పేరు రిజాలిన్ సుమగాయ్‌సాయ్. ఆఖరి ఏడాది పిల్ల. ఊరు ఎదురుగా ఉన్న గిమరాస్ దీవి. పొద్దున పడవెక్కి వస్తుంది, సాయంత్రం పడవెక్కి పోతుంది. మనిషి నెమ్మది. ప్రసవాల వార్డులో తల్లులు ఆ పిల్లనే పంపండని అడుగుతారట. ఎందుకయ్యా అంటే, నొప్పులు పడుతున్న మనిషి చెవిలో ఉపన్యాసం ఇవ్వదట. అదేం గొప్పో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మాట మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఆమె గొంతుకి గడియ పడుతుంది. కనుబొమలు రెండూ పైకి లేస్తాయి, పెదవులు బిగుసుకుంటాయి. కాసేపు ఆగితే మాట వచ్చేస్తుంది, శుభ్రంగా, పూర్తిగా. కానీ ఈ రోజుల్లో కాసేపు ఆగే తీరిక ఎవరికుందండీ?

ఈ వైవా గట్టెక్కితేనే ఆమెకు పట్టా. పట్టా వస్తేనే గిమరాస్ రేవు దగ్గరున్న పురుళ్ళ ఆస్పత్రిలో ఉద్యోగం. జూన్ దాకా నీకోసం ఆ చోటు ఖాళీ ఉంచుతాను, ఆ తర్వాత నా వల్ల కాదు అని ఆస్పత్రి పెద్దావిడ ముందే చెప్పేసింది. అంటే రిజాలిన్ బతుకంతా ముగ్గురు పరీక్షకుల ముందు పెదవి విప్పడం మీద ఆధారపడి ఉంది. ఇలాంటప్పుడు మాలాంటి సహృదయులు చేతులు కట్టుకుని కూర్చుంటారా?

ముందుగా బ్యానరు కట్టించాం. మా ఊళ్ళో ఎవరు ఏది సాధించినా, చివరికి కుక్కకి టీకా వేయించినా, బొమ్మతో బ్యానరు కట్టాల్సిందే. 'మా మొట్టమొదటి నత్తి విద్యార్థినికి హార్దిక శుభాకాంక్షలు' అని గేటుకి అడ్డంగా పెద్ద అక్షరాలు. అందులో రిజాలిన్ బొమ్మ పోస్టుకార్డంత, వార్డు కౌన్సిలర్ గారి బొమ్మ తలుపంత. అప్పటిదాకా ఆమెకి నత్తి ఉందన్న సంగతి క్లాసులోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు పడవలో టికెట్లు కోసేవాడు కూడా ఏదీ ఒకసారి మాట్లాడు చూద్దాం అని అడుగుతున్నాడు. పేరుప్రతిష్ఠలంటే ఇంతకంటే ఏముంటాయి?

తర్వాత సదుపాయాల కమిటీ వేశాం. అధ్యక్షుడు ఎవరో మీరు ఊహించగలరు. ఆ కమిటీకి రిజాలిన్‌ని పిలిచారా అంటారేమో. పిలవలేదు. పాపం, మాట్లాడటానికి ఇబ్బంది పడే పిల్లని మీటింగుకి పిలిచి మాట్లాడమనడం ఏం మర్యాద?

కమిటీలో ఒక్కొక్కరి బుర్రలోంచి ఎలాంటి ఆలోచనలు పుట్టుకొచ్చాయనుకున్నారు! నత్తి ఉన్నవాళ్ళు పాడేటప్పుడు తడబడరట, కాబట్టి జవాబులన్నీ పాటగా పాడిద్దాం అన్నారు మాకు ప్రసూతి వైద్యం బోధించే డాక్టర్ బెలార్మినో గారు. ఆయన మరదలు, తెర మీద మాటలు చూస్తూ పాడే 'వీడియోకే' పాటల యంత్రాలు అద్దెకిస్తుంది. పాట అయిపోగానే యంత్రమే మార్కులు కూడా వేస్తుంది కనుక పరీక్షకులకు శ్రమ తగ్గుతుందని ఆయన వాదన. అధిక రక్తస్రావాన్ని ఏ పాట బాణీలో పాడించాలో తేలక ఆ ప్రతిపాదన వాయిదా పడింది.

చివరికి అరగంట అదనపు సమయం ఖాయం చేశాం. అరగంట! మా కాలేజీలో భోజనానికి కూడా అంత ఇవ్వం. అంత దానం చేస్తూ చప్పుడు చేయకుండా ఎలా ఉంటాం చెప్పండి?

పరీక్ష రోజున ప్రార్థనతో మొదలుపెట్టాం. తర్వాత జాతీయగీతం. రిజాలిన్ తెల్ల యూనిఫాంలో గుండెల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. రెప్ప వెయ్యకుండా గోడ గడియారం కేసే చూస్తోంది, దేశభక్తి అనుకున్నాను. తర్వాత కరుణ అనే విషయం మీద డీన్ మేడమ్ ప్రసంగం. అంత మంచి ప్రసంగం చేసినందుకు డీన్ మేడమ్‌కి, డీన్ మేడమ్ సంతకంతోనే, ప్రశంసాపత్రం. దాన్ని అందజేసే భాగ్యం రిజాలిన్‌కే ఇచ్చాం. ఆ పైన ఫొటోలు. ఒకరు కళ్ళు మూశారని మళ్ళీ ఫొటోలు. కౌన్సిలర్ గారు ఆలస్యంగా వచ్చారని ఆయన కోసం ఆ ప్రశంసాపత్రం వెనక్కి తీసుకుని, మళ్ళీ ఇప్పించి, మళ్ళీ ఫొటోలు.

ఈ తంతంతా ఏ ఖాతాలో వెయ్యాలి? అదనపు సమయం ఖాతాలోనే కదా! ఆమె కోసం జరిగిన తంతేగా అది. నిజానికి అరగంట చాలలేదు. మామూలు సమయంలోంచి కూడా కొంత లాక్కోవాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా దగ్గర ఆ బాధ లేదు. పూజారి ఇచ్చేశాడు, కాకపోతే ఆమె చేతికి అందేలోపల దారిలో ఉన్నవాళ్ళందరికీ ప్రసాదంగా పంచేశాడు.

ఇక వైవా. డీన్ మేడమ్, డాక్టర్ బెలార్మినో గారు, కమిటీ తరఫున నేను. పరీక్షకు కూర్చునే పిల్ల పరీక్షకులకు ఫలహారం పెట్టడం మా కాలేజీలో ఎవరూ రాయని శాసనం. రిజాలిన్ పన్సిత్ నూడిల్సు, బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించిన పుతో తెచ్చింది. పుతో దూదిలా మెత్తగా ఉంది, మాటకు ఏమాత్రం అడ్డం రాకుండా గొంతులోకి జారిపోయింది.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే ముందుగా ఏం చేస్తావని డాక్టర్ గారు అడిగారు.

"బి... బిడ్డని ముందు..." అని రిజాలిన్ ఆగింది. గొంతు పట్టేసింది. కనుబొమలు లేచాయి.

గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మీరెప్పుడైనా అలాంటి నిశ్శబ్దంలో కూర్చున్నారా? కుర్చీలో ముళ్ళున్నట్టు ఉంటుంది. అవతలి మనిషి పరువు పోతుంటే చూస్తూ ఊరుకోవడం మా పెంపకంలో లేదు. డీన్ మేడమ్ గుండె కరిగి నీరైంది.

"కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరుస్తావు, అంతే కదా ఇందాయ్?" అంది ఆవిడ. ఇంట్లో పిల్లని పిలిచినట్టు ఎంత ముద్దుగా పిలిచిందో!

రిజాలిన్ కాదనబోయింది. కాదు అన్నది కూడా మాటే కదండీ, అదీ గొంతులోనే ఆగింది. కనుబొమలు ఇంకా పైకి లేచాయి.

మా దేశంలో కనుబొమలు ఎగరేస్తే అవునని అర్థం. అన్నం తిన్నావా అంటే కనుబొమలే. బేరం కుదిరిందా అంటే కనుబొమలే. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే మా ఆవిడ ఒప్పుకున్నది కూడా కనుబొమలతోనే. నోటితో ఇంతవరకూ ఒప్పుకోలేదు.

"అవునంటోంది" అని డాక్టర్ గారు రాసేసుకున్నారు.

బిడ్డని తలకిందులు చేసి చరచడం ఏనాడో మానేశారట. కనుక ఆ జవాబుకి సున్నా.

కాన్పు తర్వాత తల్లికి రక్తం ఆగకుండా పోతుంటే ఏం చేస్తావన్నది రెండో ప్రశ్న. ఈసారి రిజాలిన్ కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, "ముందు గర్భసంచిని..." దాకా వచ్చేసింది. అంతలో డాక్టర్ గారికి జాలి పొంగుకొచ్చింది. గర్భసంచిని స్కానింగ్‌కి పంపుతావు కదూ అని అందించారు. ఆమె తల అడ్డంగా ఊపింది. కంగారు పడకమ్మా అని ఓదార్చారు. నోరు విప్పబోయింది, కనుబొమలు లేచాయి. అవునంటోంది! రక్తం ధారగా పోతుంటే స్కానింగ్‌కి పంపడమా, హవ్వ అని డాక్టర్ గారే నొచ్చుకుని రెండో సున్నా పెట్టారు.

మీరే జవాబు చెప్పి మీరే సున్నా వేశారా అని కొందరు తెలివితక్కువగా అడుగుతున్నారు. మరి సరైన జవాబు అందిస్తే అది కాపీ కొట్టించినట్టు కాదూ? పరీక్ష పవిత్రత ఏం కావాలి? తప్పు జవాబే అందించాలి. సాయమూ చేసినట్టుంటుంది, న్యాయమూ నిలబడుతుంది.

నా వంతు వచ్చింది. పురుళ్ళ గురించి నాకేం తెలుసు? మీ దీవిలో ఈసారి మామిడి కాపు ఎలా ఉందని అడిగాను, వాతావరణం తేలికపరుద్దామని. ఆమె ఆగింది. బాగానే ఉందట అని నేనే డీన్ మేడమ్‌కి చెప్పేసి, గిమరాస్ మామిడికీ మనిషి స్వభావానికీ ఉన్న సంబంధం గురించి టైము అయిపోయేదాకా మాట్లాడాను. చివర్లో రిజాలిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞత అనుకుని మేమూ కళ్ళు తుడుచుకున్నాం.

ఫెయిల్ అయింది.

ఇంత చేసినా ఫెయిలైతే మేమేం చెయ్యగలం? అయినా డీన్ మేడమ్ మరో అవకాశం ఇచ్చింది. జూన్ లోపల ఇంకొక్కసారి, అదే ఆఖరు. ఈసారి లోటు రాకూడదని రిజాలిన్‌ని కూడా కమిటీకి పిలిపించాం. ఏం కావాలో మొహమాటం లేకుండా అడుగు, అడగనిదే అమ్మైనా పెట్టదు అన్నాను. కమిటీ మొత్తం ఆమె వైపు ప్రేమగా తిరిగింది.

ఆమె లేచి నిలబడింది. ఆ మాట కోసం రాత్రంతా తయారై వచ్చినట్టుంది.

"నాకు టై... టైమ్ ఎక్కువ ఇవ్వక్కర్లేదు మేడమ్. మీరు కాస్త..." అని ఆగింది.

"మీరు కాస్త దీవిస్తే చాలంటావు. అంతే కదా తల్లీ?" అంది డీన్ మేడమ్.

కనుబొమలు లేచాయి. చప్పట్లు మోగాయి. నేను లేచి ఆ వినయం మీద చిన్న ప్రసంగం చేశాను. అదనపు సమయాన్ని అరగంట నుంచి ముప్పావుగంటకి పెంచుతూ తీర్మానం కూడా చేశాం, దీవెనలకి చోటుండాలి కదా.

మీటింగు అయ్యాక వరండాలో రిజాలిన్, ఆమె స్నేహితురాలు గ్లెండా మాట్లాడుకోవడం నా చెవిన పడింది. నేను వినాలని వినలేదు. తలుపు వెనకాల నిలబడి ఉంటే వినపడింది.

"వీళ్ళ నోళ్ళకి తాళం వేస్తే తప్ప నువ్వు పాసవ్వవే" అంటోంది గ్లెండా. "పెద్దవాళ్ళు, ఎలా వేస్తావు మరి?"

రిజాలిన్ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. గ్లెండా కూడా ఊరుకుంది. అరటిపండు ఒలుచుకుంటూ అలాగే నిలబడింది, ఆమె మొహంలోకి చూస్తూ. తోటి ఆడపిల్ల అవస్థ పడుతుంటే సాయం చెయ్యాలన్న ఇంగితం కూడా లేదు ఈ కాలం పిల్లలకి! ఎంతసేపటికో రిజాలిన్ నోటి నుంచి మాట వచ్చింది.

"మా అమ్మమ్మ జీ... జీళ్ళు బాగా చేస్తుంది" అంది.

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. పరీక్ష నెత్తి మీద పెట్టుకుని తిండి గోలేమిటి వీళ్ళకి అనుకున్నాను.

రెండో వైవా నాడు బ్యానరు కడిగించి పెట్టాం. కౌన్సిలర్ గారు ముందే వచ్చేశారు. ప్రార్థనకి నేను మైకు సరిచేసుకుంటున్నాను. ఈసారి రిజాలిన్ ఫలహారం ముందే తెచ్చింది. గిమరాస్ నుంచి అమ్మమ్మ చేసి పంపిన బుతోంగ్-బుతోంగ్. చెరకు బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి లాగి లాగి చేస్తారు. జీళ్ళేననుకోండి, కాకపోతే పట్టు ఇంకా ఎక్కువ. పరీక్షకులు ముగ్గురికీ, కౌన్సిలర్ గారికీ తలా ఒక పెద్ద ముక్క చేతికిచ్చింది. పెద్దావిడ చేసి పంపింది తినకపోతే ఏం మర్యాద? అందరం నోట్లో వేసుకున్నాం.

ఇక ప్రార్థన మొదలుపెడదామని డీన్ మేడమ్ నోరు తెరవబోయింది. తెరుచుకోలేదు.

నేను మైకులో నమస్కారం చెప్పబోయాను. పై పళ్ళు కింది పళ్ళని వదల్లేదు. నా జన్మలో మైకు చేతిలో ఉండగా నోరు పడిపోవడం అదే మొదటిసారి. కౌన్సిలర్ గారు కట్టుడుపళ్ళ మనిషి. ఆయన రెండు చేతులతో దవడ పట్టుకుని హడావుడిగా బయటికి వెళ్ళిపోయారు.

రిజాలిన్ తనే శిలువ గుర్తు వేసుకుని ఎదురుగా కూర్చుంది. ప్రశ్నల చీటీ బల్ల మీదే ఉంది. డాక్టర్ గారు గత్యంతరం లేక దాన్ని వేలితో ఆమె ముందుకి తోశారు. పాత ప్రశ్నే పైన ఉంది.

"బి... బిడ్డని ముందు..." అని ఆగింది. కనుబొమలు లేచాయి. మళ్ళీ ఆ పాడు నిశ్శబ్దం! అందించాలని మా ముగ్గురికీ ప్రాణం కొట్టుకుంటోంది. డీన్ మేడమ్ గొంతులో ఏదో గురగురలాడింది. నా నాలుక లోపల ఎన్ని గంతులు వేసిందో ఆ దేవుడికే తెలుసు. ఎవరం ఏం చెయ్యలేకపోయాం. కూర్చున్నాం. ఆగాం. మాట వచ్చేసింది.

"ముందు పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తాను సార్. వెచ్చగా కప్పి వీపు నిమురుతాను. అప్పటికీ ఏ... ఏడవకపోతే ఆలస్యం చెయ్యకుండా మాస్కుతో ఊపిరి అందిస్తాను."

రక్తస్రావానికి గర్భసంచిని పైనుంచి గట్టిగా మర్దన చేస్తానంది, చేస్తూనే సాయానికి పిలుస్తానంది, ఏ మందు ఇవ్వాలో చెప్పింది. మధ్యమధ్య ఆగింది. ఆగిన ప్రతిసారీ మళ్ళీ కదిలింది. చీటీలో ప్రశ్నలన్నీ అయిపోయాక గోడ గడియారం చూసి నిర్ఘాంతపోయాను. మామూలు సమయమే ఇంకా మిగిలి ఉంది! ముప్పావుగంట దానం ముట్టుకోనైనా ముట్టుకోలేదు. దాతల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఒక్కసారి ఆలోచించిందా?

అసలు ఘోరం ఇంకా ముందుంది. ఫలితం నోటితోనే చెప్పాలన్నది మా ఆనవాయితీ. డాక్టర్ గారు లేచి నిలబడ్డారు.

"ను... మ్... ను..." అన్నారు. పాకం కొద్దిగా కరిగింది కానీ దవడ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మొహం ఎర్రబడింది. మెడ నరాలు తేలాయి. పాపం, పెద్దమనిషి, ఆస్పత్రిలో ఆయన ముందు నర్సులు నిలబడటానికే భయపడతారు!

ఆమె ఉద్యోగం, ఆమె పట్టా, అన్నీ ఆ ఒక్క మాట మీదే ఉన్నాయి. వేరేవాళ్ళయితే పాసా సార్, ఫెయిలా సార్ అని ఎగబడి అడిగేవాళ్ళు. కనీసం ఒక మాట అందించేవాళ్ళు. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. నవ్వలేదు. తల తిప్పుకోలేదు. ఎంత కఠినాత్మురాలో చూడండి!

"తొం... తొందరేం లేదు సార్" అంది.

డాక్టర్ గారు నాకేసి ఒకసారి చూసి మళ్ళీ ఆమె వైపు తిరిగారు. ఊపిరి తీసుకున్నారు.

"నువ్వు... పాసయ్యావమ్మా" అన్నారు ఎట్టకేలకు.

అప్పుడు ఏడ్చింది రిజాలిన్, బల్ల మీద తల పెట్టుకుని, బయట గ్లెండాకి వినపడేంత గట్టిగా. డీన్ మేడమ్ కూడా ఏడ్చింది. నోరు పెగలక ఏమీ అనలేదు కాబట్టి ఆ ఏడుపు మొదటిసారి నిజం ఏడుపులా అనిపించింది.

కమిటీ మర్నాడే సమావేశమై, ఆ అమ్మాయి అదనపు సమయం వాడుకోలేదు కనుక ఆమెకి అసలు ఇబ్బందే లేదని తేల్చి, సదుపాయాన్ని రద్దు చేసింది. తీర్మానం రాసింది నేనే. అక్కడితో ఈ కథ ముగిసిపోవాల్సింది.

కానీ ఆ నిశ్శబ్దం నన్ను వదలడం లేదండీ. అవతలివాళ్ళు ఆగినప్పుడు నేను ఊరుకోగలనా అని ఇంట్లో ప్రయత్నించి చూశాను. మా ఆవిడ ఈ రోజు కూర ఏం వండాలంటే అని కాస్త ఆగిందో లేదో, వంకాయ అనేశాను. ఆవిడ అసలు కూర వండనని చెప్పబోతోందట. పైనుంచి వచ్చిన ఉత్తర్వు మళ్ళీ తీసి చదివాను. మాట ఇబ్బంది ఉన్నవాళ్ళకు సదుపాయం అని ఉంది. మాట రాకపోవడమే ఇబ్బంది అని అందులో ఎక్కడా లేదు. మాట ఆగకపోతే అది మాత్రం ఇబ్బంది కాదా?

కనుక నాలాంటివాళ్ళ కోసం కూడా ఏదైనా ఏర్పాటు చెయ్యమని అడుగుదామని డీన్ మేడమ్ గదికి వెళ్ళాను. మనసులో మాట పైకి చెప్పడం ఆ రోజు నాకే కాస్త కష్టమైంది.

"మేడమ్, నాకు కూడా ఒక..." అన్నాను. సిగ్గేసి ఆగాను.

"ప్రశంసాపత్రం కావాలంటావు. అంతే కదా క్రిస్?" అని ఆవిడ సంతకం పెట్టేసి నా చేతిలో పెట్టింది.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. నేను రెండు మాటలు అనేసరికి ఆయన వీడియోకే అద్దె చెప్పారు. లెక్చరర్ల గదిలో ప్రయత్నించాను. నా వాక్యం ఒక్కొక్కరూ ఒక్కోలా ముగించి, వీపు తట్టి పంపించారు.

ఈ కాలేజీ మొత్తం మీద అవతలి మనిషి మాట చివరిదాకా వినగలిగిన పిల్ల ఒక్కతే ఉండేది. ఆమెని మేమే పాస్ చేసి గిమరాస్ పంపించేశాం.